రెండు కార్ల మధ్య అక్క

జూన్ 6, శుక్రవారం

చెల్లెలు ఫోన్ చేసింది. సోమవారం పొద్దున్నే ఆపరేషన్ ఖాయమయింది. గుండెలో వాల్వ్ మారుస్తారు. కుక్కర్ గ్యాస్కెట్ మార్పిస్తున్నట్టు తాపీగా చెప్పింది. ఆ తర్వాత అసలు సంగతికి వచ్చింది. అన్నయ్యలిద్దరూ వస్తే కలిసి రావాలట. విడివిడిగా వస్తే సెక్యూరిటీ అతనికి చెప్పి ఇద్దర్నీ గేటు దగ్గరే ఆపించేస్తుందట. నన్ను లోపలికి తీసుకెళ్ళేలోగా వాళ్ళిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం నా చెవులతో వినాలక్కా, ఇంకేం అడగను నిన్ను అంది. జవాబు వినకుండా పెట్టేసింది. అది చిన్నప్పట్నుంచీ అంతే, బతిమాలినా ఆర్డరు వేసినట్టే ఉంటుంది.

నాకు భయంగా ఉంది. ఆపరేషన్ సంగతి డాక్టర్లు చూసుకుంటారు. వీళ్ళ సంగతి ఎవరు చూసుకోవాలి? మూడేళ్ళలో నావల్ల కానిది మూడు రోజుల్లో అవుతుందా?

మా ఇంట్లో పైవాడంటే దేవుడు కాదు. మేడ మీద ఉండే మా చిన్న తమ్ముడు. కిందివాడంటే పెద్ద తమ్ముడు. నేను మెట్ల పక్క గదిలో ఉంటాను. మావారు పోయాక ఇద్దరూ కలిసే నన్ను తీసుకొచ్చి ఇక్కడ పెట్టారు, అప్పట్లో ఇద్దరూ కంచం పొత్తూ మంచం పొత్తూగా ఉండేవాళ్ళు. మూడేళ్ళ కిందట ఒకరోజు పైవాడు ఒంటినిండా సబ్బు రాసుకుని ఉండగా కిందివాడు కింద మోటారు ఆపేశాడు. పైవాడు టవలు చుట్టుకుని మెట్ల మీదకొచ్చి అరిచాడు. కిందివాడు నా నీళ్ళు నా ఇష్టం అన్నాడు. అయితే నీ నీళ్ళు నువ్వే తాగు అన్నాడు పైవాడు. అంతే. అదే చివరి మాట. సబ్బు తుడుచుకుని లోపలికి పోయుంటే సరిపోయేది.

ఇక అప్పట్నుంచి నేనే లైను. పైవాడికి చెప్పక్కా కరెంటు మనిషి వస్తాడని. ఆయనకి చెప్పక్కా బండి అడ్డం తియ్యమని. ఇద్దరూ నా గదిలోనే ఉన్నప్పుడు కూడా నాకే చెప్తారు. నేను తల ఇటు తిప్పి అదే మాట మళ్ళీ చెప్తాను. ముప్పై ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటర్‌గా చేశాను, రిటైరయ్యాక కూడా డ్యూటీ తప్పలేదు.

జూన్ 7, శనివారం

ఇద్దరూ వస్తామన్నారు. విడివిడిగా అడిగితే విడివిడిగానే కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. దానికేమన్నా అయితే నేనేమైపోవాలక్కా అని కిందివాడు. అదే మాట పైవాడు. పొల్లు పోకుండా అదే మాట.

కానీ ఒక కారులో రారట. రెండు కార్లు ఒకే దారిన, ఒకేసారి వెళ్తే కలిసి వెళ్ళినట్టే కదా అని కిందివాడి వాదన. పైవాడికి చెప్తే సరే అన్నాడు. మూడేళ్ళలో ఇద్దరూ ఒప్పుకున్న మొదటి సంగతి ఇది.

నేను ఏ కారులో? ఇద్దరూ పోటీ. చివరికి నేనే తేల్చాను. ఆగిన చోటల్లా కారు మారతాను. మొదట కిందివాడి కారు, తర్వాత పైవాడిది, మళ్ళీ కిందివాడిది. సూట్‌కేసు మాత్రం కిందివాడి డిక్కీలో ఉంటుంది, దాన్ని మోస్తూ తిరగలేను.

జూన్ 8, ఆదివారం. పొద్దున, కారులో

అక్షరాలు కోతిగంతులు వేస్తున్నాయి. పైవాడి నడుపుడు అలాంటిది.

ఇందాకటిదాకా కిందివాడి కారులో ఉన్నాను. ఎద్దుబండి నయం. అక్కా, ముందు వెళ్ళేవాడికి కాస్త నెమ్మదిగా పొమ్మని చెప్పు అన్నాడు. ఫోన్ చేసి చెప్పాను. వెనకాయన్ని బ్రేకు మీంచి కాలు తియ్యమని చెప్పు అని జవాబు. ఆ మాటని కొంచెం పంచదార కలిపి అందించాను. ఎక్స్ఛేంజిలో ఉండగా మాట మార్చడం మహా నేరం. ఇక్కడ మార్చకపోతే నేరం.

మరదళ్ళిద్దరూ మంచివాళ్ళు. ఒకరితో ఒకరు డాబా మీద బట్టలు ఆరేసేటప్పుడు గుసగుసగా మాట్లాడుకుంటారని నాకు తెలుసు. మొగుళ్ళ ముందు మాత్రం ఎవరి పార్టీ వాళ్ళదే. దారంతా ఒకళ్ళకొకళ్ళు ఫోన్ చేసుకోలేదు.

పై మరదలికి కారు పడదు, కళ్ళు తిరుగుతున్నాయంటోంది. ముందు పెద్ద ట్రక్ స్టాప్ ఉందని బోర్డులు కనిపిస్తున్నాయి. అక్కడ ఆగి తినమని కిందివాడికి చెప్పాలి. రాయడం ఆపి ఫోన్ చేస్తాను.

ఆదివారం, మధ్యాహ్నం

నన్ను వదిలేసి వెళ్ళిపోయారు.

ఆదివారం, కాస్త తేరుకున్నాక

ఇప్పుడు టీ తాగాను. వరసగా రాస్తాను, రాస్తే తప్ప నాకు బుర్ర పనిచెయ్యదు.

ఇది ట్రక్ స్టాప్ అనే పేరు పెట్టుకున్న ఊరు. పెట్రోలు పంపులే ఒక వీధంత ఉన్నాయి. లోపల హోటళ్ళు, బట్టలుతికే మెషీన్లు, క్షవరం షాపు, పళ్ళ డాక్టరు, లారీ అద్దాలూ హారన్లూ అమ్మే కొట్టు, డ్రైవర్లు స్నానాలు చేసే గదులు, కాళ్ళు చాపుకుని టీవీ చూసే హాలు. తలుపులు మాత్రం రెండే. ఒకటి కార్లవైపు, ఒకటి లారీలవైపు.

అందరం తిన్నాం. ఒక హాలులోనే, రెండు బల్లల మీద. నేను ఈ బల్ల దగ్గర బ్రెడ్డు, ఆ బల్ల దగ్గర గుడ్డు. ఇప్పుడు నేను కిందివాడి కారు ఎక్కాలి. కానీ పై మరదలి మొహం పాలిపోయి ఉంది. అందుకని కిందివాడితో అన్నాను, ఇంకో మజిలీ వాళ్ళతోనే ఉంటానురా, ఆ పిల్లకి బాగాలేదు అని. సరేనక్కా అన్నాడు. ఆ మాటే పైవాడితో చెప్దామనుకుని, ముందు బాత్రూముకి వెళ్ళొద్దామనుకున్నాను. బాత్రూము బయట క్యూ. లోపల అన్నీ ఆటోమేటిక్ కుళాయిలు, చెయ్యి ఎక్కడ పెట్టినా నీళ్ళు రావు, తియ్యగానే వస్తాయి. బయటపడి తలుపు తోస్తే లారీలు. ఎటుచూసినా లారీలే. వాటి చక్రాలు నా భుజం దాకా ఉన్నాయి. వాటి మధ్య తిరిగి తిరిగి, మళ్ళీ లోపలికొచ్చి, రెండో తలుపులోంచి బయటికొచ్చేసరికి రెండు కార్లూ రోడ్డెక్కుతున్నాయి. ముందు పైవాడు, వెనక కిందివాడు. ఎంత బుద్ధిగా సిగ్నల్ వేసుకుని మరీ వెళ్ళారో. చెయ్యి ఊపాను. ఎవరికి కనిపిస్తుంది?

కిందివాడు నేను పైవాడితో ఉన్నాననుకున్నాడు, నేను చెప్పాను కాబట్టి. పైవాడు నేను కిందివాడితో ఉన్నాననుకున్నాడు, వంతు ప్రకారం అదే కాబట్టి. మామూలు అన్నదమ్ములైతే అక్క మీ దగ్గర ఉందా అని ఒక్క కేక వేసుకుంటారు. వీళ్ళు వేసుకోరు. నేనున్నాను కదా ఆ కేక వెయ్యడానికి.

సర్వీసులో ఇంతకాలం ఉండి నేను సగమే కలిపిన లైను ఇదొక్కటే.

సూట్‌కేసు కిందివాడి దగ్గర. ఫోన్ పైవాడి కారులో చార్జింగులో ఉంది, అదీ సైలెంటులో. నా దగ్గర హ్యాండ్‌బ్యాగూ, కళ్ళజోడూ, ఈ డైరీ.

ఆదివారం, ఇంకాస్త తర్వాత

ఒక ఆవిడ నన్ను కాపాడింది. స్నానాల గదుల కౌంటరు దగ్గర కూర్చుంటుంది. డ్రైవర్లకి టోకెన్లిచ్చి, గది కడిగాక మైకులో నంబరు పిలుస్తుంది. నేను బిక్కచచ్చి నిలబడితే చూసి, కౌంటరు వెనక్కి పిలిచి కుర్చీ వేసింది. ఏమ్మా తప్పిపోయావా అంది. నా వయసు మనిషిని తప్పిపోయావా అని అడిగితే ఏడుపు రావాలి, నాకు నవ్వొచ్చింది. సంగతంతా చెప్పాను. సబ్బు దగ్గర్నుంచీ చెప్పాను. ఆవిడ కడుపు పట్టుకుని నవ్వింది. పైగా ఆవిడ పని కూడా సబ్బుతోనేనట. తర్వాత టీ తెప్పించింది, డబ్బులు తీస్తే చేతి మీద ఒక్కటి వేసింది.

మీ వాళ్ళ నంబర్లు గుర్తున్నాయా అని ఫోన్ నా ముందు పెట్టింది. ఈ రోజుల్లో ఎవరికీ సొంత నంబరే గుర్తుండదు, నాకు మాత్రం ఊళ్ళోవాళ్ళవన్నీ నోటికొచ్చు. పైవాడి నంబరు సగం నొక్కాను.

ఆపేశాను.

ఎందుకంటే నేను పైవాడికి ఫోన్ చేస్తే పైవాడు వెనక్కి తిప్పుకొచ్చి నన్నెక్కించుకుంటాడు. కిందివాడికి నేనే మళ్ళీ ఫోన్ చేసి చెప్తాను. ఇద్దరూ నన్ను తిడతారు. కానీ ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడరు. కిందివాడికి చేసినా అంతే. ఎవరికి చేసినా మధ్యలో ఉండేది నేనే. అసలు చెయ్యకపోతే? సాయంత్రం టీకి ఆగుతారు కదా. అప్పుడు దిగి, అక్క ఏదిరా అని ఒకణ్ణొకడు అడగక ఎక్కడికి పోతారు? నేను లేకపోతేనే వాళ్ళు మాట్లాడుకోవాలి.

ఫోన్ ఆవిడకి తిరిగిచ్చేశాను.

ఆదివారం, మూడు దాటింది

నాకు ఉద్యోగం దొరికింది.

మైకావిడ గొంతు పొద్దున్నుంచీ నంబర్లు పిలిచి పిలిచి పోయింది. బయట హాల్లో డ్రైవర్లు టవళ్ళు భుజాన వేసుకుని వాళ్ళ నంబరు ఎప్పుడొస్తుందా అని కూర్చునుంటే, గదులేమో ఖాళీగా పడున్నాయి. ఆవిడ మాట ఎవరికీ వినపడదు మరి. ఇలా ఇవ్వమ్మా అన్నాను. నేను గదులు కడుగుతా, నువ్వు పిలు అని మైకు నా చేతిలో పెట్టి బకెట్టు తీసుకుని వెళ్ళిపోయింది.

మైకు నొక్కగానే నా ఎక్స్ఛేంజి గొంతు దానంతటదే వచ్చేసింది. టోకెన్ నంబరు ఇరవై రెండు, దయచేసి స్నానానికి రావలసిందిగా కోరుతున్నాము. హాలంతా తలలెత్తి చూసింది. టీవీ ఎవరో తగ్గించారు. ఇరవై రెండో నంబరాయన పరిగెత్తుకుంటూ వచ్చాడు. ఇన్నేళ్ళలో స్నానం చెయ్యమని తనని దయచేసి అడిగినవాళ్ళు లేరట. వాళ్ళావిడ కూడా పోయి తగలడు అనే అంటుందట.

అరగంటలో అన్ని గదులూ నిండాయి. కొందరు స్నానమయ్యాక కూడా పోకుండా నా గొంతు వింటూ కూర్చున్నారు. ఒకాయన అరటిపళ్ళు తెచ్చిపెట్టాడు. ఇంకొకాయన బ్యాగులోంచి చలువ కళ్ళద్దాలు తీసి ఉంచుకోండమ్మా అన్నాడు, ఎందుకిచ్చాడో నాకు తెలీదు, ఆయనకీ తెలీదు. తప్పిపోయిన మనిషికి ఇంత మర్యాద జరుగుతుందని తెలిస్తే ఎప్పుడో తప్పిపోయేదాన్ని.

ముప్పై ఒకటో టోకెను ఒక జంటది. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ లారీ నడుపుతారు. లారీ నిండా వాష్‌బేసిన్లు. ఒకరు నడుపుతుంటే ఒకరు వెనక నిద్రపోతారు, కాబట్టి ఒకే క్యాబిన్‌లో ఉన్నా మెలకువగా ఒకళ్ళనొకళ్ళు చూసుకునేది ఇలా ఆగినప్పుడేనట. ముందు కూర్చుని తగువులన్నీ తేల్చుకుని ఆ తర్వాత తింటామంది ఆవిడ. తినేటప్పుడు తేల్చుకుంటే అరగదని ఆయన. మరి ఇంకా తగువు మిగిలి ఉండగా లారీ ఎక్కాల్సొస్తే అని అడిగాను. ఇంకో కాఫీ తెప్పించుకుంటామన్నారు ఇద్దరూ.

వీళ్ళకి ఒక్కొక్కసారి ఐదు నిమిషాలే దొరుకుతాయి. మావాళ్ళకి మెట్లు దిగితే చాలు.

ఆదివారం, నాలుగవుతోంది

ఎంత తెలివితక్కువదాన్ని!

అరటిపండు తింటూ ఉండగా తట్టింది. సాయంత్రం టీకి ఎక్కడ ఆగాలో ఇద్దరికీ చెప్పేదెవరు? నేనే. పొద్దున్నుంచీ ప్రతి మజిలీ నేనే కుదిర్చాను. నేను చెప్పకపోతే పైవాడు ఎక్కడో ఆగి తాగుతాడు, కిందివాడు ఇంకెక్కడో. ఒకళ్ళకొకళ్ళు కనిపించను కూడా కనిపించరు. అలాగే వెళ్ళి వెళ్ళి రాత్రికి ఆసుపత్రికి విడివిడిగా చేరతారు. అక్క రెండో కారులో వస్తుందిలే అని ఎవరికి వాళ్ళు అనుకుంటారు. చెల్లెలు ఇద్దర్నీ గేటు దగ్గరే ఆపేస్తుంది. అంతపనీ చేస్తుంది, నాకు తెలుసు దాని మొండితనం. తెల్లారితే దాన్ని లోపలికి తీసుకెళ్ళిపోతారు. ఒకవేళ జరగరానిది జరిగితే

ఆ మాట రాయను.

నేనేమో ఇక్కడ మైకు పట్టుకుని మురిసిపోతున్నాను. ముప్పై రెండో నంబరు ఎవరో తలుపు దగ్గర నిలబడి పిలవలేదేమని అడుగుతున్నాడు. వాష్‌బేసిన్లావిడ ఇంకా కాఫీ తాగుతూ ఇక్కడే ఉంది. ఫోన్ అడుగుతాను. ఎవరికి ముందు చెయ్యాలన్నది కూడా ఇప్పుడు అనవసరం. ఎవరైతే ఏం, రానీ. మాట్లాడుకోకపోతే పోనీ. రెండు కార్లలో అయినా సరే, ముందు అందరం దాని దగ్గర ఉండాలి.

ఆదివారం, వెంటనే

పైవాడికి చేశాను. ఎంగేజ్.

కిందివాడికి చేశాను. ఎంగేజ్.

మళ్ళీ పైవాడికి. మీరు ఫోన్ చేస్తున్న వ్యక్తి మరొక కాల్‌లో ఉన్నారు. మళ్ళీ కిందివాడికి. మీరు ఫోన్ చేస్తున్న వ్యక్తి మరొక కాల్‌లో ఉన్నారు. ఆ రికార్డు గొంతు ఎంత చక్కటి గొంతో! ఇంకోసారి చేసి విన్నాను.

ఇద్దరూ వేరే ఎవరితోనైనా మాట్లాడుతూ ఉండొచ్చు. ఉండొచ్చు. కానీ సగం జీవితం స్విచ్ బోర్డు ముందు గడిపినదాన్ని. రెండు దీపాలు ఒకేసారి వెలిగి రెండూ ఆరకుండా ఉంటే ఏమిటో నాకొకరు చెప్పక్కర్లేదు.

వాష్‌బేసిన్లావిడ ఏమయిందమ్మా, ఎత్తలేదా అంది. ఎంగేజ్ అని చెప్పి ఏడ్చేశాను. ఎంగేజ్ అయితే ఏడుస్తావెందుకు, మళ్ళీ చేద్దాంలే అని ఆవిడ నా వీపు రాస్తూ ఉంది. మళ్ళీ చెయ్యొద్దు, అలాగే ఉండనీ, మధ్యలో మనం వెళ్ళొద్దు అన్నాను. ఆవిడకి ఏమర్థమయిందో, భర్తని పిలిచి ఇంకో కాఫీ చెప్పింది. నాకూ, వాళ్ళకీ.

ఆదివారం, సాయంత్రం. కారులో

వెనక సీటంతా నాదే. కాళ్ళు చాపుకుని రాస్తున్నాను. ముందు ఇద్దరూ ఉన్నారు. పైవాడు నడుపుతున్నాడు, కిందివాడు పక్కన కూర్చుని వాడి బ్రేకులన్నీ తన కాలితో తొక్కుతున్నాడు.

మైకులో ముప్పై తొమ్మిది పిలుస్తుండగా అద్దాల్లోంచి చూశాను. ఒకే కారు వచ్చి ఆగింది. పార్కింగు గీతల్లో కాదు, అడ్డదిడ్డంగా. రెండు తలుపులూ ఒకేసారి తెరుచుకున్నాయి. ఒక పక్కనుంచి ఒకడు, ఇంకో పక్కనుంచి ఇంకొకడు. కిందివాడి కాలికి ఒకటే చెప్పు ఉంది. పరిగెత్తలేక పైవాడి చెయ్యి పట్టుకున్నాడు. పైవాడు విదిలించుకోలేదు. లోపలికొచ్చి అటూ ఇటూ పిచ్చిచూపులు చూస్తున్నారు. అప్పుడు పైన స్పీకరులో నా గొంతు వినపడింది వాళ్ళకి. ఇప్పుడే లోపలికి వచ్చిన తమ్ముళ్ళిద్దరూ దయచేసి స్నానాల కౌంటరు దగ్గరికి రావలసిందిగా కోరుతున్నాము.



డ్రైవర్లంతా దారిచ్చి నిలబడ్డారు. కిందివాడు నన్ను చూసి, అంత పెద్ద మొగాడూ చిన్నపిల్లాడిలా భోరుమన్నాడు. పైవాడు ఏడవకుండా తిట్టడం మొదలుపెట్టాడు. కిందివాడు ఏడుపు ఆపి, అక్కని ఎందుకురా తిడతావ్, నీ కారెక్కిందో లేదో చూసుకోవద్దూ అన్నాడు. వంతు నీది కదా నువ్వు చూసుకోవద్దూ అని పైవాడు. నీ దగ్గరే ఉంటానందిరా అని వాడు. నాకు చెప్పిందా అని వీడు. మూడేళ్ళ మాటలు కట్ట తెగినట్టు వచ్చిపడుతున్నాయి. నన్ను ఇద్దరూ మర్చిపోయారు. మైకు ఆపలేదని తర్వాత తెలిసింది. ట్రక్ స్టాప్ మొత్తం విన్నది. పెట్రోలు పంపుల దగ్గర కూడా స్పీకర్లున్నాయట.

నేను లేనని వాళ్ళకెలా తెలిసిందంటే, కిందివాడు పైవాడికి ఏదో చెప్పమని నాకు మాటిమాటికీ ఫోన్ చేస్తున్నాడు. అది పైవాడి కారులో చార్జింగులో గుడ్లు మిటకరిస్తోంది. పై మరదలికి మెలకువ వచ్చి చూస్తే అన్నీ బావగారి మిస్డ్ కాల్స్. వదిన బావగారి కారులో ఉంటే బావగారు వదినకెందుకు ఫోన్ చేస్తారు అందట. పైవాడు కారు పక్కకి లాగి, చెమటలు కక్కుతూ కిందివాడికి చేశాడట. మూడేళ్ళ తర్వాత వాడి మొదటి మాట ఏమిటని అడిగాను. అన్నయ్యా, అక్క మన దగ్గర లేదు అన్నాడట.

ఇప్పుడు ముందు ఫోన్ చేసింది నేనంటే నేనని గొడవ. నువ్వు చేసింది అక్కకి, నేను చేసింది నీకు అని వీడు. ఫోన్ ఉన్నది నీ కారులో కాబట్టి నీకు చేసినట్టే అని వాడు. మరదళ్ళిద్దరూ రెండో కారుతో టోల్ గేట్ దగ్గర టీకొట్లో కూర్చున్నారు. మేం వెళ్ళేసరికి ఒకే ప్లేటులో తింటుంటారు, పందెం.

నంబర్లన్నీ నీకు నోటికొచ్చు కదక్కా, ఒక్క ఫోన్ చెయ్యొచ్చు కదా అని కిందివాడు ఇందాకే అడిగాడు. కంగారులో అన్నీ మర్చిపోయానురా అన్నాను. పాపం, పెద్దదయింది కదన్నయ్యా అని పైవాడు. అవునురా అని కిందివాడు. ఎంత ఐకమత్యం.

మైకావిడ నన్ను వాటేసుకుని వదల్లేదు. ఎప్పుడొచ్చినా మైకు నీదే అంది. వాష్‌బేసిన్ల జంట మాకంటే ముందే రోడ్డెక్కారు, హారన్ కొట్టి వెళ్ళారు. వాళ్ళ పేర్లు కూడా అడగలేదు నేను. వాళ్ళు చల్లగా ఉండాలి. ఆ ఇరవై రెండో నంబరాయన, అరటిపళ్ళాయన, కళ్ళద్దాలాయన, అందరూ చల్లగా ఉండాలి. నన్ను ఒక్క పూట ఇంటిమనిషిలా చూసుకున్నారు. ఇంతకంటే ఎలా రాయాలో తెలియడం లేదు.

జూన్ 9, సోమవారం. ఆసుపత్రి, తెల్లవారాక

ఇద్దరూ మంచానికి చెరోపక్క నిలబడ్డారు. నోళ్ళు పెగల్లేదు! దారంతా చెవులు చిల్లులు పడేలా వాగినవాళ్ళు, తీరా చెల్లెలి ముందు పెళ్ళిచూపులకొచ్చినట్టు నేలచూపులు. అది కళ్ళు చిట్లించి ఒకసారి అటూ ఒకసారి ఇటూ చూసింది. నర్సు స్ట్రెచరు తెచ్చేసింది. నాకు నోటిదాకా వచ్చింది, నేనే ఏదో ఒక మాట అందించేద్దామని. నాలుక కరుచుకుని నిలబడ్డాను.

కిందివాడు ఏం తోచక దాని తలగడ కొంచెం ఎత్తు చేశాడు. పైవాడు దించాడు. ఎత్తుండాలిరా, ఊపిరాడాలి అని వాడు. డాక్టరు దించమన్నాడు, నువ్వు విన్లేదు, నువ్వెప్పుడు విన్నావు గనక అని వీడు. నువ్వు డాక్టరువా అని వాడు. నువ్వా అని వీడు. నర్సు తలగడే తీసేసింది.

చెల్లెలు నవ్వుతూ లోపలికి వెళ్ళింది. తలుపు మూసుకునేదాకా దాని నవ్వు వినపడింది.

సోమవారం, మధ్యాహ్నం

బాగా జరిగింది. బాగా జరిగింది. బాగా జరిగింది.

జూన్ 12, గురువారం

దాన్ని మామూలు గదిలోకి మార్చారు. చూడటానికి ఒక్కొక్కళ్ళనే పంపిస్తున్నారు. నా వంతు వచ్చినప్పుడు దానికి మాత్రం నిజం చెప్పాను. ఫోన్ చేతిలో పెట్టుకుని కూడా చెయ్యలేదని. కుట్లు లాగుతాయి, నవ్వించకు అని చేత్తో ఛాతీ పట్టుకుంది. తర్వాత చాలాసేపు నా చెయ్యి వదల్లేదు. ఏడుస్తోందేమోనని చూశాను. అక్కా, నువ్వు మూడేళ్ళ కిందటే తప్పిపోవాల్సింది అంది.

నిజమే అనిపించింది. వాళ్ళ మధ్య గోడలో నేనే కిటికీననుకున్నాను ఇన్నాళ్ళూ. కిటికీ ఉంది కదా అని వాళ్ళు తలుపు సంగతి మర్చిపోయారు. ఎవరి తప్పూ కాదు. ప్రేమతోనే చేశాను, ప్రేమతోనే వాళ్ళూ నన్ను అడిగారు. దిగులేమీ లేదు నాకు. ఉన్నదల్లా సంతోషమే. తిరుగు ప్రయాణంలో ఆ ట్రక్ స్టాప్ దగ్గర ఆగాలి, మైకావిడకి గొంతుకి మందు తీసుకెళ్ళాలి.

జూన్ 16, సోమవారం

ఆగాం. మైకావిడకి సెలవురోజట. మందు సీసా కౌంటరులో ఇచ్చి వచ్చాను. స్నానాల గదుల నంబర్లు ఎవరో కుర్రగొంతు పిలుస్తోంది, దయచేసి అని చేర్చి మరీ పిలుస్తోంది.

వచ్చేటప్పుడు ఒకే కారులో అందరం వచ్చాం. రెండోది చెల్లెలి ఇంటి దగ్గరే వదిలేశాం, తర్వాత ఎవరో ఒకళ్ళు వెళ్ళి తెచ్చుకుంటారు. ఎవరు వెళ్ళాలన్నది వాళ్ళే తేల్చుకుంటారు.

జూన్ 21, శనివారం. మధ్యాహ్నం

మెట్ల మీద ఇద్దరూ అరుచుకుంటున్నారు, సరిగ్గా నా గది ముందు. కారు తేవడానికి ఎవరు వెళ్ళాలన్నది ఇంకా తేలలేదు. నన్నెవరూ పిలవలేదు. నిద్ర ముంచుకొస్తోంది.